వినపడకుండా పాడిన ఆంటీ

న్యూజెర్సీ నుంచి వర్జీనియా వెళ్లే బస్సులో నా పక్కన ఒక చైనా ఆంటీ కూర్చుంది. ఒళ్లో చేత్తో రాసుకున్న పాటల పుస్తకం ఉంది. పెదాలు కదులుతున్నాయి, వేలు మోకాలి మీద తాళం వేస్తోంది, గొంతు మాత్రం బయటికి రావడం లేదు.

నేను వింతగా చూస్తుంటే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

"మా ఊళ్లో ఇంట్లోనే చర్చి. పక్కింటివాళ్లు వింటే పోలీసులొస్తారు. అందుకే ఇలా పాడతాం."

"ఇది అమెరికా కదా ఆంటీ!" అని నవ్వి, ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను.

ఆమె పుస్తకంతో ముఖం కప్పేసుకుంది.

"నేను ఇక్కడున్నాను. నాతో పాడినవాళ్లు అక్కడే ఉన్నారు. నా ముఖం దొరికితే వాళ్లూ దొరుకుతారు."

సిగ్గేసింది. వెంటనే డిలీట్ చేసి చూపించాను.

"ట్రాష్‌లోంచి కూడా తీసెయ్," అంది. తీసేదాకా నా స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

బాల్టిమోర్‌లో దిగి వెళ్లిపోయింది. మరుసటి నెల నాకు వీసా స్టాంపింగ్ ఉంది. వీసా ఇచ్చేముందు ఆన్‌లైన్‌లో మన పోస్టులన్నీ చూస్తారట్రా అని రూమ్మేట్లు భయపడుతుంటే అప్పటిదాకా నవ్వేవాణ్ణి. వర్జీనియాలో నేను దిగాల్సిన హెర్న్‌డన్ చేరేలోపు, కాలేజీ నిరసన ర్యాలీలో నేను తీసుకున్న ఫోటోలన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేశాను.

ట్రాష్‌లోంచి కూడా.