డబ్బా నాది, పాట ఎవరిది

తొంభైల చివర్లో జడ్చర్ల బస్టాండు దగ్గర నాకో టైపింగ్ షాపు ఉండేది. పెండ్లి కార్డులు, కోర్టు కాయితాలు, ఏదొస్తే అది కొట్టేదాన్ని. టైపు మిషన్ల కాలం పోతోందని గుబులు పుట్టి, ఊళ్లోనే ఒక ముస్లిం ఇంట్లో పాత కంప్యూటర్ అమ్ముతున్నారంటే బాపును వెంటబెట్టుకుని వెళ్లి కొన్నాను. ఆ ఇంటాయన తల్లికి గొంతు ఆపరేషన్ చేయించాలి. అందుకే అమ్మారు.

మిషన్‌ను ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆ పెద్దామె వచ్చి కరెంటు వైరు ఊడదీసుకుంది. "తలుగు ఇయ్యం బిడ్డా. బర్కత్ పోతది" అంది బొంగురుగా. వాళ్లింటి వెనక బర్రెలుండేవి. బర్రెను అమ్మినా, కట్టేసిన తలుగుతాడు ఇస్తే ఇంటి సిరి పోతుందని, దాన్ని మాత్రం అమ్మినవాళ్లే ఉంచుకోవడం మా దిక్కు ఆనవాయితీ. కంప్యూటర్‌కూ అదే రివాజని ఆమె లెక్క. నాకు ఒళ్లు మండింది గానీ, బాపు "సరే అక్కా, ఉంచుకో" అనేశాడు. వైరు వేరే కొనుక్కున్నాను.

వారం తిరగకముందే అందులో పాటలు దొరికాయి. సగం సినిమా పాటలు. మిగతావి ఎవరో ఒకామె ఢోలక్ కొడుతూ ఉర్దూలో పాడిన పెండ్లి పాటలు. నాకు సగమే అర్థమయ్యేవి. అయినా ఎంత బాగుండేవో. అత్తను, ఆడబిడ్డను వరుసపెట్టి ఆటపట్టిస్తూ, మధ్యలో తనే కిసుక్కున నవ్వేది. చివర ఒక మగగొంతు "బస్ అమ్మీ, అయింది" అనేది. అది మాకు అమ్మినాయన గొంతు. అంటే ఆ పాడింది వైరు గుంజుకున్న పెద్దామే. ఇక రోజూ అవి పెట్టుకునే పని చేసేదాన్ని. అవి లేకుంటే చెయ్యి సాగేది కాదు.

పిటిషన్లు కొట్టించుకోవడానికి వచ్చే వకీలు సాబ్ ఒకరోజు విని, ఇవెక్కడివని అడిగాడు. చెప్పాను.

"డబ్బా నీది. పాట నీది కాదమ్మా. పాడినామె ఒప్పుకోవాలె."

"మరి సినిమా పాటల సంగతి?"

"అవి అమ్మినాయనవీ కావు, నీవీ కావు. కానూను ప్రకారం తుడిచెయ్యాలె" అని, మళ్లీ అదే సినిమా పాట కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఇంటికెళ్లి బాపుతో చెబితే ఆయన తీర్పు వేరు. "తలుగు ఇయ్యం అన్నరు, ఇయ్యలే. పాటల ముచ్చట ఎత్తలే. సూడి బర్రెను అమ్మినోడు మళ్లొచ్చి దూడను అడుగుతడా?"

ఆ మాట నాకు తేనె పూసినట్టుంది. అయినా ఆ రోజు నుంచి పాట పెట్టినప్పుడల్లా ఎవరింట్లోనో చెప్పకుండా చొరబడినట్టు అనిపించేది. ఉంటే ఉంటాయి, పోతే పోతాయని ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను.

పెద్దామె మంచం మీద కూర్చుని ఉంది. మెడకు తెల్లటి గుడ్డ. నన్ను చూసి నవ్వింది గానీ పలకరించలేదు. "పానం దక్కింది. గొంతు పోయింది" అన్నాడు కొడుకు.  నేను పాటల సంగతి చెప్పాను.

ఆయన గబుక్కున నా వైపు తిరిగాడు. "ఇంకా ఉన్నయా? అమ్మేముందు తీసి పెట్టుకుందామంటే ఫ్లాపీలల్ల పట్టలే. మీరు తుడిచేసిన్రనుకున్న. అమ్మిన సొమ్మును మళ్ల అడుగుడు మంచిగుండదని రాలే."

పెద్దామె కళ్లు నీళ్లతో నిండాయి.  పాటలు ఉంచుకోవచ్చా అని అడగడానికి వచ్చినదాన్ని, ఆ మాటే మానుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, లోపల బియ్యం ఏరుతున్న మనవరాలిని చూపించి, గాలిలో ఢోలక్ కొట్టింది. కొడుకు చెప్పాడు: "నా బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చింది. పాటలు అమ్మనే పాడాలె. గా మిషన్ ఒక్క దినానికి తెస్తవా అని అడుగుతాంది."

తెచ్చాను. ఆడవాళ్ల గదిలో, చాప మీద, కంప్యూటర్ పక్కన ఢోలక్ పెట్టుకుని కూర్చుందామె. నేను నొక్కాను. ఆమె గొంతు లేచింది. ఆమె చేతులు దానితో పాటే దరువు వేశాయి. పెండ్లికూతురు ఆ పెద్దామె భుజం మీద తల ఆనించి ఏడుస్తూనే నవ్వింది. డబ్బా వైపు ఒక్కరూ చూడలేదు.

పాట అయిపోగానే ఇంకోటి పాడమని అందరూ ఆమెనే అడిగారు. మౌస్ నా చేతిలో ఉంది. ఆమె తల ఊపేదాకా నేను నొక్కలేదు.