పగటి కాపలా

మిల్లు మూతపడ్డాక ఊళ్ళో దొంగతనాలు ఎక్కువయ్యాయి. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ ఆ ఊళ్ళోనే ఒంటరిగా ఉంటుంది. కుట్టుమిషన్‌ని గొలుసుతో కిటికీ ఊచకు కట్టేసింది. బయటికెళ్తే లోపల రేడియో మోగుతూనే ఉంటుంది. ఇంట్లో మగమనిషి ఉన్నట్టు కనపడాలని, చనిపోయిన భర్త చెప్పులు గుమ్మంలో ఉంచుతుంది. అయినా వీధి మలుపుదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసుకుంటుంది. ఒక మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి పెరటి తలుపు గడియ ఊడి ఉంది. లోపల ఎదురింటి వడ్రంగి ఆకురాయితో గొలుసు అరగదీస్తున్నాడు. ఆ తలుపు చేసిపెట్టింది అతనే.

"నువ్వా, అన్నయ్యా?"

ఆకురాయి అతని చేతిలోంచి జారింది. "పిల్లలు నిన్నట్నుంచీ ఏం తినలేదమ్మా. అరవకు, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇది పోతే నేనేం తినాలి?"

ఆమె కుండలోని అన్నమంతా గిన్నెలోకి తీసి అతని ముందు పెట్టింది. అతను ఏడుస్తూనే గడియ బిగించి, గిన్నె పట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు ఆమె మళ్ళీ బయల్దేరాలి. పని వెతుక్కుంటూ అందరూ వెళ్ళిపోగా, ఆ వీధిలో ఇంకా మనుషులున్నది ఎదురింట్లోనే. తాళం లాగి చూసుకుని, ఎదురింటి వైపు తిరిగింది.

"అన్నయ్యా, బజారుకెళ్తున్నా. ఇల్లు కాస్త చూస్తుండు."