తేనె చెట్ల జాడ చెప్పిన ఫోన్

ఇందులో ప్రతి అక్షరం నిజం. భద్రాద్రి రాముడి మీద ఒట్టు. అది చాలదంటే నా పింఛను మీద ఒట్టు.

స్వచ్ఛంద పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఎండాకాలంలో, నన్ను ఖమ్మం నుంచి చర్లకు వేశారు. అటవీ ఉత్పత్తులు కొనే సొసైటీలో టెక్నికల్ అసిస్టెంట్‌ని. హోదా ఘనంగానే వినిపిస్తుంది గానీ నా కింద ఉన్నది ఒక్క ప్రింటరే; అదీ మాట వినేది కాదు. తేనె తూకం నమోదుకు మహిళలకు సొసైటీ ఇచ్చిన పన్నెండు ఫోన్ల బాగోగులు నావి.

వాటిలో ఒకటి ముత్తమ్మది. అడవి అంచు గూడెంలో తేనె తీసే కుటుంబం. అక్కడొక కట్టుబాటు ఉంది. తేనెపట్టును ముందు చూసినవారు చెట్టు మొదట్లో గడ్డితో ముడి వేస్తారు. ఇక ఆ చెట్టును మరొకరు ముట్టరు. ఆ ఏడాది ముత్తమ్మ ముడి వేసిన చెట్లు మూడు వరసగా ఖాళీ అయ్యాయి. వాటి జాడ తెలిసింది ఆమె మరిది జోగయ్యకు ఒక్కడికే. అతన్ని ఇక తేనెకు రానివ్వకూడదని పెద్దలు తేల్చబోతుండగా, తూకం లెక్కల కోసం నేను వెళ్ళాను.

“నీకు దప్ప నేనింకెవలకు చూపిచ్చినరా?” అంటోంది ముత్తమ్మ.

“నీ ఫోనుకు చూపిచ్చినవ్ గదా వదినె, దాన్నడుగు!” అన్నాడు జోగయ్య ఉక్రోషంగా.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఏ యాప్ ఎప్పుడు, ఎక్కడికి సమాచారం పంపుతోందో చూపించి, కావాలంటే ఆపేసే కాపలా యాప్ ఒకటి ఉంటుంది. దాన్ని నా ఫోన్ నుంచి ముత్తమ్మ ఫోన్‌లోకి ఎక్కించాను. గూడెంలో సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కాలి. ఎక్కాం. సిగ్నల్ తగలగానే, ఎవరూ తెరవని తేనె ధరల యాప్ ఒకటి నిద్రలేచి, దాచుకున్నదంతా గబగబా పంపేసింది. అనుమతులు చూస్తే, మనిషి ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు తెలుసుకునే వీలు దానికి ఉంది. ధర చెప్పేదానికి ఆ పనేమిటి? చర్లలో రీచార్జి కొట్టువాడు వేసిచ్చాడట. ముత్తమ్మ ఏ చెట్టు కింద గంటసేపు ఆగితే అక్కడ పట్టు ఉన్నట్టే, ఆ సమాచారం అందుకునేవాళ్ళకు.

“ఏంది సారూ, కొంగున కట్టుకున్నది గూడ చాడీలు చెప్తదా?” అంది ముత్తమ్మ.

ఇలాంటిది కనబడితే వెంటనే ఆపడం పద్ధతి. కానీ ఆపేస్తే జోగయ్య మీది మచ్చ పోదు. అందుకని, తేనె లేకుండా కందిరీగల గూడు మాత్రమే ఉన్న మద్దిచెట్టు కింద ఫోన్‌ను పొద్దంతా ఉంచి, సాయంత్రం గుట్ట ఎక్కించాం. మూడో రోజు పొద్దున పెద్దలు, ముత్తమ్మ, జోగయ్య, నేను దూరంగా కూర్చుని చూస్తుండగా, ముగ్గురు కొత్తవాళ్ళు తాళ్ళతో, డబ్బాలతో తిన్నగా ఆ చెట్టు దగ్గరికే వచ్చారు. కందిరీగలు వాళ్ళను వాగు దాకా సాగనంపాయి. బండేసుకుని వెంటపడ్డాను. ఒకడిని మూడో గేరులో కూడా అందుకోలేకపోయాను.

“వదినె, గా ముగ్గుర్ల నేనున్ననేమో మంచిగ జూడు!” అన్నాడు జోగయ్య.

“చూసిన తియ్. రేపు తాడు నువ్వే పట్టాలె” అంది ముత్తమ్మ. పైకెక్కేవారి ప్రాణం ఆ తాడు మీదే ఉంటుంది. నమ్మినవాడికి తప్ప ఇవ్వరు.

ఆ యాప్ అనుమతులు తీసేసి, దానికి నెట్ అందకుండా చేసి, ఆనవాళ్ళు రిపోర్టుకెక్కించాక తొలగించాను. మిగతా పదకొండు ఫోన్లలోనూ అంతే. నేను నేర్చుకున్నది ఒకటే: యాప్ ఏమిస్తుందో చూసేముందు ఏమడుగుతోందో చదవాలి.

ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఒక్కచోట కల్పించాను. కందిరీగలు నిజం, పరుగూ నిజం. రీచార్జి కొట్టువాడే లేడు. రోజూ ధరలు తెలుస్తాయి కదా అని, ఏమీ చదవకుండా పన్నెండు ఫోన్లలోనూ ఆ యాప్ వేసింది నేనే. గుట్ట మీదే ఆ సంగతి ముత్తమ్మకు చెప్పాను.

“నాకెర్కే సారూ, నా ముంగటనే గదా ఏసినవ్” అంది. పెద్దల ముందు మాత్రం ఆమె ఆ మాట ఎత్తలేదు.