పడవ కోసం బందరు మీదుగా గుడివాడకు

గత వానాకాలంలో ఒక ఉదయం, పురిటి నొప్పులు పడుతున్న ఒక అమ్మాయి మా రేవులో మూడు గంటలు కూర్చుంది. మాది దివిసీమలో, నాగాయలంక దాటాక నది మధ్యలో ఉన్న లంక ఊరు. మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు ఇంజను ఆ రోజు చెడిపోయింది. చిన్న పడవలన్నీ వేటకు వెళ్లాయి. అంగన్‌వాడీ టీచర్ని కాబట్టి నేను ఆ అమ్మాయి పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అవతలి ఒడ్డుకు చేర్చేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు.

రోగుల కోసం ఊరికి ఒక ఇంజను పడవ ఉండాలని మా సేవా సంఘం తీర్మానించింది. గ్రామ సంఘాలకు సాయం చేసే ట్రస్టు ఒకటి గుడివాడలో ఉందని తెలిసింది. దరఖాస్తు శుక్రవారం సాయంత్రం నాలుగులోపు స్వయంగా ఇవ్వాలి. దానికి సంఘం రిజిస్ట్రేషన్ నకలు జతచేయాలి, అది బందరు రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోవాలి. అధ్యక్షురాలు మార్తమ్మ పిన్నీ, కార్యదర్శిగా నేనూ ఆ శుక్రవారమే బయల్దేరాం.

ఆరు గంటల పంటుకు నది దాటాం. మనిషికి పది రూపాయలు. నాగాయలంకలో బస్సెక్కితే అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం. దరఖాస్తులో ఒక గడి ఖాళీగా వదిలేశాను. ఆ సంగతి పిన్నికి చెప్పలేదు. "ప్రమాదం జరిగితే బాధ్యత వహించే వ్యక్తి" అని ఉందక్కడ. పది రోజులుగా ఆ గడి దగ్గరికి రాగానే పెన్ను మూసేస్తున్నాను.

నకలు చేతికొచ్చేసరికి ఒంటిగంటా నలభై. గుడివాడ బస్సు పెడన దగ్గర రైల్వే గేటు పడి ఆగిపోయింది. నేను నిమిషానికోసారి ఫోను చూస్తున్నాను.

"గూడ్సు బండమ్మా, పావుగంట పడుతుంది. కిందకి దిగి గాలి పీల్చుకోండి" అన్నాడు కండక్టరు.

"అందుతామంటావా లక్ష్మీ?" అని అడిగింది పిన్ని. అందకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, నన్ను చూసి నాకే భయం వేసింది.

మూడున్నరకు ట్రస్టు ఆఫీసు మెట్లెక్కాం. అక్కడి మేడమ్‌ గారు కాగితాలన్నీ నెమ్మదిగా చదివారు.

"ఇది ఖాళీగా ఉందేంటండీ?"

"బాధ్యత సంఘానిదండీ" అన్నాను.

"సంఘం అంటే కుదరదమ్మా. ఒక మనిషి పేరు కావాలి."

"నా పేరు రాసుకోండి" అంది పిన్ని వెంటనే.

మేడమ్‌ గారు ఆమె వైపు తిరిగి మెల్లగా చెప్పారు. "సంతకం ఒక్కటే కాదండీ. రోజూ పడవ రాకపోకల పుస్తకం రాయాలి, లైఫ్ జాకెట్లు సరిచూడాలి. గాలి ఎక్కువగా ఉంటే పడవ ఎక్కడానికి వచ్చినవాళ్లని ఆపాలి. వాళ్లు ఏడ్చినా, తిట్టినా ఆపాలి. రేవు దగ్గర ఎవరుంటారు మీలో?"

పిన్నికి చదువు రాదు. రేవు పక్కనే ఉండేది నేను. పెన్ను తీసుకుని నా పేరు రాశాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, పది రోజులుగా ఆ గడి ఎందుకు వదిలేశానో పిన్నికి చెప్పాను.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా, ఇంత భయం ఒక్కదానివే మోశావు" అంది పిన్ని.

నెల తర్వాత ట్రస్టు వాళ్లు వచ్చి రేవు చూసి వెళ్లారు. తర్వాత పడవ, పన్నెండు జాకెట్లు వచ్చాయి, ఇద్దరికి శిక్షణ ఇచ్చారు. మొన్న ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచినప్పుడు రేవుకి ఒక గర్భిణి వచ్చింది. నేను పడవ ఆపేశాను. ఆమె భర్త నా మీదకి వచ్చి, "మీ ఇంట్లో వాళ్లైతే ఆపుతారా?" అని అరిచాడు. నలభై నిమిషాలు ఆమె చెయ్యి పట్టుకుని, నదిని చూస్తూ కూర్చున్నాను. గాలి తగ్గాక దాటించాం. సాయంత్రం అవనిగడ్డ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఫోను చేసింది ఆ భర్తే. పాప ఏడుపు వినిపించి పెట్టేశాడు.

గ్రాంటు వస్తే భయం తీరుతుందనుకున్నాను. తీరలేదు. ఇదివరకు ఏమీ చేయలేక భయపడేదాన్ని, ఇప్పుడు చేయాల్సింది నేనే కాబట్టి భయపడుతున్నాను. ఈ భయంతో మాత్రం రాత్రి నిద్ర పడుతోంది.

మీరూ ఇలా బయల్దేరేటట్టయితే ఒక్క మాట. బందరు పనీ గుడివాడ పనీ ఒకే రోజు పెట్టుకోకండి. రిజిస్ట్రేషన్ నకలు వారం ముందే తెచ్చుకోండి.