రెండు దేశాల డబ్బు, మా తోట కాయలు

తిరుపతిలో డిగ్రీ పిల్లకాయలకు ఎకనామిక్స్ చెప్తాను. విదేశీ పెట్టుబడుల పాఠం వస్తే బోర్డు మీద రెండు దేశాలు రాస్తాను. ఒక దేశం వాళ్ళు ఇక్కడి కంపెనీల్లో ఎక్కువగా వాటా కొంటారు. ఇంకో దేశం వాళ్ళు ఇక్కడ తాము పెట్టిన కంపెనీకే ఎక్కువగా అప్పు ఇస్తారు. రెంటినీ పెట్టుబడి అనే అంటాం. వాటా పెట్టినోడు కంపెనీతో పాటే మునుగుతాడు, అప్పిచ్చినోడు ముందు తన డబ్బు లాక్కుంటాడు. పిల్లకాయలు ఆవలిస్తా రాసుకుంటారు.

ఇదే పాఠం మా నాయనకు చెప్పబోయి తిట్లు తిన్నాను.

పాకాల పక్కన మాకు తోతాపురి మామిడి తోట ఉండేది. చిత్తూరు రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీలు రెండు, ఒకటి వాటాల దేశానిది, ఇంకోటి అప్పుల దేశానిది. మా పక్క కాయలు తోలేటప్పుడు రేటు తెగదు. లోడు దించి తూకం చీటీ జేబులో పెట్టుకుని వస్తారు, డబ్బు సీజను అయినాక ఎప్పుడో. అందుకే ఎవరికి తోలాలనేది పెండ్లి సంబంధం మాదిరి ఆలోచిస్తారు. ఆ ఏడు మరీను. బోర్లు ఎండిపోయి తోట బ్యాంకులో తాకట్టులో ఉండింది. పంట డబ్బు రాకుంటే తోట పోయినట్టే.

అప్పుల దేశం దొర ఒకాయన తోటలు చూడను వచ్చినాడు. మా నాయన గోనెసంచి పరిచి కూర్చోబెట్టి, కాయ కోసి, ఉప్పూకారం అద్ది ఇచ్చినాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కారిపోయినాయి, అయినా ముక్క వదల్లేదు. పోతా పోతా నాయన చేయి పట్టుకుని ఊపినాడు. అంతే, మా నాయన ఆ మర్యాదకు పడిపోయినాడు.

నేను పోయి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నాయనా, వాళ్ళు పెట్టింది వాటా కాదు, అప్పు. నష్టమొస్తే ముందు వాళ్ళది తీసుకుంటారు. ఆ వాటాలోళ్ళ ఫ్యాక్టరీకి తోలు."

"ఏంది మే నువ్వు చెప్పేది? మన తోటలో కూసోని కాయ తిన్నాడు. తిన్నోడు ముంచుతాడా? నీ పాఠం కాలేజీలో చెప్పుకో పో."

కాయంతా ఆడికే తోలినాడు.

గుజ్జు అమ్ముడుపోక చలికాలానికి ఫ్యాక్టరీకి తాళం పడింది. చిత్తూరులో ఒక కల్యాణ మండపంలో బాకీలోళ్ళందరికీ మీటింగు పెట్టినారు. గోడ మీద తెరలో, వీడియో కాల్లో, ఆ దొర కనిపించినాడు. మా నాయన లేచి దండం పెట్టి, "బాగుండావా అప్పా? నేనే, తోటాయన్ని" అన్నాడు. దొర పక్కకు తిరిగి ఎవర్నో ఏదో అడిగినాడు. జనం నవ్వినారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. వకీలు వరస చదివినాడు. ముందు ఫ్యాక్టరీకి అప్పిచ్చిన బ్యాంకు, తర్వాత ఆ దేశమోళ్ళ అప్పు, మిగిలితే రైతులు. మిగిలేది ఏమీ లేదని కూడా ఆయనే చెప్పినాడు.

బస్సులో నాయన జేబులోంచి తూకం చీటీలు తీసి చూసుకుంటా అడిగినాడు.

"ఆ ఇంకో దేశమోళ్ళ ఫ్యాక్టరీ?"

"వాళ్ళకూ నష్టమే నాయనా. వాటా గదా, నష్టం నెత్తినేసుకున్నారు. రైతులకు లేటుగా అయినా ఇస్తా ఉండారు."

"మన కాయలు యాడికొస్తాయి? అప్పు కిందికా, వాటా కిందికా?"

"అప్పే. కాకపోతే చివరి వరస."

తల ఊపినాడు. పాకాలలో దిగబోతా కమ్మీ పట్టుకుని నా వైపు తిరిగినాడు.

"వాడు మన చెట్టు కాయ తిన్నాడు గదమ్మా" అన్నాడు.

ఉగాది దాటినాక బ్యాంకోళ్ళు తోట వేలం వేసినారు. పాడుకున్నాయన చెట్లు చూడను వస్తే, మా నాయన గోనెసంచి పరిచి కూర్చోబెట్టి, కాయ కోసి, ఉప్పూకారం అద్ది ఇచ్చినాడు.