దిబ్బ మీద దుప్పటి

రిస్తెన్‌కు ఎవరితోనూ పడదని ఊళ్లో చెప్పుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే, అందరికంటే మరిది యోవ్నాతో మరీ పడేది కాదు.

గొడవంతా ఒక దిబ్బ గురించి. ఇంటి వెనక చిత్తడిలో రెండు నిలువుల ఎత్తు లేచిన నాచుమట్టి దిబ్బ. దాని కడుపులో వేసవిలోనూ కరగని మంచుగడ్డ, నెత్తిన ఆగస్టులో పండే పసుపు పళ్లు. పెళ్లైన ఏడాదే అత్తగారు ఆమెను అక్కడికి తీసుకెళ్లి, ఇక నుంచి ఇవి నువ్వే కోసుకోమంది. అమ్మ తనను కాదని కోడలికిచ్చిందని యోవ్నా ఆ కోపం ఇరవై ఏళ్లు కడుపులో దాచుకున్నాడు.

అన్న పోయిన శీతాకాలమే, దిబ్బకు తూర్పునున్న తన రెయిన్‌డీర్ల దొడ్డిలో మంచు పడకుండా దిబ్బకు పడమట పలకల దడి కట్టాడు. పడమటి గాలి తెచ్చిన మంచు అంతా దడి దాటి దిబ్బ మీదే కూలబడేది. గాలి ఊడ్చి బోడిగా ఉంచితేనే చలి లోపలికి దిగి గడ్డ నిలుస్తుంది. నడుం లోతు మంచు కప్పితే దిబ్బ వెచ్చగా పడుకుని లోలోపల కరిగిపోతుంది. ఈ సంగతి అత్తగారు కొడుకులిద్దరికీ చెప్పే పోయింది.

దడి తీయమని రిస్తెన్ అడిగితే యోవ్నా ఏమీ తెలియనట్టు ముఖం పెట్టాడు.

"మంచు చల్లగానే ఉంటుంది కదా వదినా. మంచు మీద మంచు పడితే నీకేం పోయింది?"

ఆమె పార తీసుకుంది. రెండు శీతాకాలాలు రోజూ తోడింది, గాలి రోజూ నింపింది. రిస్తెన్ దిబ్బకు గుండు గీస్తోందని ఊరు నవ్వుకుంది. మూడో ఏడు జారిపడి తుంటి విరిగి, రెండు నెలలు ఆస్పత్రిలో ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి దిబ్బా దడీ ఒకే ఎత్తున తెల్లగా ఉన్నాయి. ఆ వేసవిలో ఒక పక్క పగిలి జారింది, మరుసటి వేసవికి మిగతాదీ కూలి నల్లటి నీళ్లలో మునిగింది. పళ్ల తీగలు వేళ్లు పైకి పెట్టి తేలాయి. రిస్తెన్ గట్టున కూర్చుని ఏడ్చింది, ఆ తర్వాత తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ఆకురాలే కాలంలో యోవ్నా మందతో కొండల్లో ఉండగా, కుంటుకుంటూనే దడి మొత్తం ఊడదీసి, వాగు అవతల అతను మాంసం దాచుకునే కొట్టుగది నిలబడ్డ, అలాంటిదే మరో మంచుగడ్డ దిబ్బకు పడమట పాతింది. తొలి మంచుకు అతను పరుగెత్తుకొచ్చాడు. గొడవ విని ఊరూ వచ్చింది.

"పిచ్చి పట్టిందా నీకు? కొట్టు కింద నేల కుంగిపోతుంది!"

"మంచు మీద మంచు పడితే నీకేం పోయింది, యోవ్నా?"

అతను జనం వైపు చూశాడు. ఎవరూ నవ్వలేదు. దడి ఉంచితే కొట్టు పోతుంది, పీకితే ఇన్నేళ్లూ తెలిసే చేశాడని ఒప్పుకున్నట్టు. చివరికి గడ్డపార తెచ్చి అందరి ముందూ పీకాడు.

పీకిన పలకలన్నీ రిస్తెన్ బండి మీద ఇంటికి లాక్కెళ్లింది. ఆమెకు సంతోషం కలగలేదంటే అది అబద్ధం. ఆ శీతాకాలమంతా పొయ్యిలో అవే మండాయి. పళ్లు మాత్రం ఆ ఏడూ లేవు, మళ్లీ ఎప్పుడూ లేవు.