రిజిస్టరమ్మ చదవనిదే నొక్కదు

జనన మరణాల నమోదు కార్యాలయంలో తెలుగు కంప్యూటరు వాడేవారి సంఖ్య సున్నా అని నివేదిక వెలువడిన రోజున, ఆ సున్నా మూడో నంబరు కౌంటరులో కూర్చుని ఒక పసిపాప పుట్టిన తేదీ నమోదు చేస్తోంది.

ఆమె వయసు యాభై నాలుగు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా కనిపించదు. అందరికీ ఆమె రిజిస్టరమ్మ. ఉద్యోగంలో మొదటి పంతొమ్మిదేళ్లు నేలమాళిగలోని పాత రికార్డుల గదిలో గడిచాయి. ఆ గదికి కిటికీ లేదు. చెదలు తినగా మిగిలిన రిజిస్టర్లను కొత్త రిజిస్టర్లలోకి చేతితో ఎక్కించడం ఆమె పని. ఎక్కించడం పూర్తయ్యేసరికి చెదలు కొత్తవాటి దగ్గరికి వచ్చి ఎదురుచూస్తూ ఉండేవి. ఆ గది నుంచి ఆమె వెంట తెచ్చుకున్నవి రెండే: పొడి దగ్గు, ముత్యాల్లాంటి దస్తూరి. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ వాక్యాలు కొరుకుడుపడవు. అందువల్ల కంప్యూటర్లున్న పై అంతస్తు ఆమెకు అందని పండుగానే ఉండేది.

నాలుగేళ్ల క్రితం తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ రావడంతో ఆమె పైకి వచ్చింది. ఓపెన్‌సోర్స్ సరుకు, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. దాన్ని తెలుగులోకి మార్చిన ప్రాజెక్టుకు ఒక సమన్వయకర్త ఉన్నారు. మాతృభాష మాట ఎత్తితే ఆయన గొంతు గద్గదమవుతుంది. ఆయన ల్యాప్‌టాప్ మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరైనా అడిగితే, "నాకు అలవాటైపోయిందండీ, ఇది ప్రజల కోసం" అంటారు. అనువదించాల్సిన వాక్యాల జాబితా అంతా నూటికి నూరు శాతం తెలుగైందని ప్రతి సభలోనూ ప్రకటించడం వల్ల, కార్యాలయ సిబ్బంది ఆయనకు నూరుశాతం అని పేరు పెట్టుకున్నారు. ఆ విషయం ఆయనకు తెలియదు. తెలిస్తే సంతోషించేవారేమో.

ఆయన ఇచ్చిన శిక్షణ మూడు గంటలు సాగింది. చెప్పిన సంగతులు నలభైకి తక్కువ ఉండవు. రిజిస్టరమ్మ మనసుకు పట్టింది ఒక్కటే.

"చదవకుండా ఏదీ నొక్కకండి. ఇదొక్కటి గుర్తుంటే మీరు పాసైనట్టే!"

మిగిలిన పదకొండు మంది గుమస్తాలు ఆ సాయంత్రానికే తమ కంప్యూటర్లను ఇంగ్లీషులోకి తిప్పేసుకున్నారు. తెరమీద ఇంగ్లీషు ఉంటే మనిషి పని తెలిసినవాడిలా కనిపిస్తాడని వారి అభిప్రాయం. అయితే భాష మార్చుకునే చోటు ఎక్కడుందో వారిలో ఒక్కరికీ దొరకలేదు, ఎందుకంటే మెనూలన్నీ తెలుగులో ఉన్నాయి. సీటు సీటుకూ తిరిగి, చదివి, చూపించినది రిజిస్టరమ్మే.

ఆమె మాత్రం తన తెరను అలాగే ఉంచుకుంది. పైగా దాన్ని సగం కౌంటరు వైపు తిప్పి పెట్టింది. పత్రం కోసం వచ్చినవారు తమ వివరాలు తామే చదువుకుని, సరేనంటేనే ప్రింటు తీస్తుంది. పనిలో తగిలిన ప్రతి ఇబ్బందినీ పొడుగు నోటుబుక్కులో రాసేది. "అక్షరాలు బటన్‌లో పట్టక సగం తెగిపోతున్నాయి." "'రద్దు చేయి' అని అడుగుతోంది. దేన్ని? పత్రాన్నా, నన్నా?" ఇలా నాలుగేళ్లలో మూడు నోటుబుక్కులు, మూడు వందల పన్నెండు పద్దులు. ఒక్కొక్కటి నిండగానే సమన్వయకర్తకు అందించేది. ఆయన రెండు చేతులతో అందుకుని, "ఇది మా ప్రాజెక్టుకు నిధి అమ్మా" అనేవారు. నిధి కాబట్టే కాబోలు, దాన్ని ఎవరూ తెరవలేదు.

నివేదిక కాగితం పట్టుకుని పక్క సీటు గుమస్తా వచ్చాడు.

"అక్కా, విన్నారా? మీరు లేరట."

"ఎక్కడ లేను?"

"లెక్కలో. తెలుగు వాడేవాళ్లు సున్నా అని వేశారు."

"మరి పొద్దున్నుంచి ఈ ముప్పై మందికి పత్రాలిచ్చింది ఎవరు, నా దయ్యమా?"

"ఏమో! మరణాల రిజిస్టరు మీ దగ్గరే ఉంది కదా, ఓసారి తిరగేసి చూసుకోండి."

ఆమె నవ్వింది. నివేదిక అడుగున ఉన్న ఉత్తర్వు చదివాక ఆ నవ్వు ఆగిపోయింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అన్ని కంప్యూటర్లూ ఇంగ్లీషులోనే నడుస్తాయి. పని చేయలేనివారిని పాత రికార్డుల గదికి సర్దుబాటు చేస్తారు. అలా సర్దాల్సిన మనిషి ఆ కార్యాలయంలో ఒక్కతే ఉందని లెక్కలు రానివాడు కూడా చెప్పగలడు.

ఇంట్లో ఆమె భర్త కిటికీ పక్క బల్ల మీద గడియారాలు బాగుచేస్తుంటాడు. విషయం విని, కంటికి బిగించిన అద్దం తీయకుండానే అన్నాడు:

"నాలుగేళ్లు పనిచేసినా ఉన్నట్టు తెలియలేదంటే, అంత చప్పుడు లేకుండా ఎలా చేశావే? ఇంట్లో అయితే గరిటె పెట్టినా వీధి చివరికి వినిపిస్తుంది!"

"మీకంతా వేళాకోళమే. మళ్లీ ఆ గదిలోకి పంపిస్తే నేను బతకనండీ."

ఆయన అద్దం తీసి బల్లమీద పెట్టాడు. "గడియారం ఆగిపోయిందని తెచ్చేవాళ్లలో సగం మంది కీ ఇచ్చి ఉండరు. ముందు వాళ్లు ఎలా లెక్కపెట్టారో అడుగు."

ఆ ప్రశ్న ఆమె మర్నాడు అడిగింది. అడిగిన చోటు, ఆ నివేదికను వివరిస్తున్న సమావేశ మందిరం. తలుపు దగ్గర గుమస్తాలు, ముందు వరుసలో కార్యాలయ అధికారి, గోడమీద సమన్వయకర్త చూపిస్తున్న బొమ్మ: ఇంగ్లీషుకు ఆకాశాన్నంటే నిలువు గీత, తెలుగుకు నేలమీద చుక్క. ప్రొజెక్టరు ఎత్తు సరిపోక దాని కింద ఏవో పుస్తకాలు పెట్టారు. రిజిస్టరమ్మ వాటిని గుర్తుపట్టింది. మూడూ తనవే.

"సార్, లెక్క ఎలా కట్టారు?"

"కంప్యూటరే కడుతుందమ్మా. ఉదయం తెరవగానే తెరమీద ఒక పెట్టె వస్తుంది, అనుమతి అడుగుతుంది. ఒకసారి ఇస్తే మళ్లీ అడగదు. ఇచ్చినవాళ్లు లెక్కలోకి వస్తారు."

"ఏ భాషలో అడుగుతుంది?"

"అది... లెక్కలు కట్టే విభాగం వాళ్లు విడిగా చేర్చిన పెట్టె. మన జాబితాలో లేదు. మన జాబితా వరకు నూరు శాతం..."

ఆమె వెళ్లి ప్రొజెక్టరు కింద నుంచి అట్టడుగు నోటుబుక్కు లాగింది. ఇంగ్లీషు గీత గోడమీద నుంచి జారి అధికారి బట్టతల మీద పడింది. ఆమె మొదటి పేజీ తెరిచి చదివింది:

"మొదటి రోజు. ఒకటో పద్దు. ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చింది. చదవలేకపోయాను. చదవకుండా నొక్కవద్దన్నారు కనుక మూసేశాను. అదేమిటో దయచేసి తెలుపగలరు."

తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగేళ్లుగా రోజూ ఉదయం ఆ పెట్టె రావడం, రోజూ ఉదయం ఆమె దాన్ని మూయడం జరుగుతూనే ఉన్నాయి. తెలుగు చదివేవారి తలలు లెక్కించడానికి ఇంగ్లీషు చదవగలవారిని మాత్రమే పిలిచి, ఎవరూ రాలేదని తేల్చడం ఒక పద్ధతే. దానికి ఇంతకాలం శాస్త్రీయం అనే పేరు కూడా ఉండింది.

అధికారి నుదుటి మీది వెలుగును చేత్తో అడ్డుకుంటూ అన్నాడు: "సరే, సున్నా కాదు, ఒకటి. ఒక్కరి కోసం వ్యవస్థంతా..."

"ఒక్కరు కాదు సార్," అన్నాడు పక్క సీటు గుమస్తా. "మా తెరల మీద ముందు నెల, తర్వాత తేదీ వస్తాయి. మేం తిరగేసి కొట్టేస్తున్నాం. తప్పు పత్రాలు దిద్దించుకోవడానికి సవరణ కౌంటరు ముందు నిలబడే జనమంతా మా పదకొండు మంది పుణ్యమే. అక్క దగ్గర నుంచి అక్కడికి ఒక్కరు వెళ్తే చూపించండి. వచ్చినవాళ్లే చదువుకుని సరిచూసుకుంటారు."

సవరణ కౌంటరు అధికారికి రోజువారీ తలనొప్పి. ఆయన కొంతసేపు ఆలోచించి తేల్చాడు: పెట్టెను తెలుగు చేయాలి, వచ్చే లెక్కలో తెలుగు కింద ఒక్కరైనా కనబడితే మూడో కౌంటరు యథాతథం, లేకపోతే ఉత్తర్వు ఉత్తర్వే.

వారంలో పెట్టె తెలుగైంది. దాన్ని స్వయంగా నొక్కించడానికి సమన్వయకర్త వచ్చారు, చూడటానికి అధికారి వచ్చాడు. రిజిస్టరమ్మ కళ్లజోడు తుడుచుకుని, ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదవసాగింది.

"ఇక నొక్కేయమ్మా," అన్నారు సమన్వయకర్త.

"'ఈ కంప్యూటరులో మీరు ఏయే పనులు చేస్తున్నారో బయటి కేంద్రానికి పంపవచ్చా?' అని ఉంది. ఏయే పనులంటే? ఎవరింట్లో ఎవరు పోయారో నేను ఎక్కిస్తానే, అది కూడానా?"

"అబ్బే, అంత వెళ్లదు... వెళ్లకపోవచ్చు."

"మీరు చదివారా?"

"నేను అనువాదం చేయించాను."

ఆమె మరోసారి మొదటి నుంచి చదివింది. తన కుర్చీ వెనకనున్న కిటికీ వైపు ఒకసారి చూసింది. తర్వాత 'అంగీకరించను' అన్నచోట నొక్కింది.

"అక్కా! ఎంత పని చేశారు!" పక్క సీటు గుమస్తా నెత్తి పట్టుకున్నాడు. "చేజేతులా మళ్లీ సున్నా అయ్యారు కదా!"

"చదివే నొక్కాను నాయనా. నన్ను నమ్మి చెప్పుకున్న వివరాలు ఎటో పంపమనే హక్కు నాకెక్కడిది? లెక్క కావాలంటే మనిషిని పంపి లెక్కపెట్టుకోండి. నేనెక్కడికీ పోను, ఇక్కడే కూర్చుని ఉంటాను."

అధికారి మెల్లగా మిగిలిన తెరల వైపు తిరిగి, "మరి ఆ పదకొండూ నాలుగేళ్లుగా పంపుతూనే ఉన్నాయా?" అని అడిగాడు. పదకొండు మంది గుమస్తాలూ ఒక్కసారిగా పనిలో మునిగిపోయారు. సమన్వయకర్త గద్గద స్వరంతో ఏదో మొదలుపెట్టబోయారు గానీ, ఈసారి అది గద్గదం కాదు, నిజంగానే గొంతు ఎండిపోయింది.

ఆ పదకొండు అనుమతులనూ రద్దు చేయించే హడావుడిలో ఒకటో తేదీ దాటిపోయింది. మూడో కౌంటరు జోలికి ఎవరూ రాలేదు. దస్త్రంలో మాత్రం కొత్త వాక్యం చేరింది: తెలుగు వాడుకరులను నెలకొకసారి ప్రత్యక్షంగా లెక్కించవలెను.

అందుకని ప్రతినెలా సమన్వయకర్త కాగితం పట్టుకుని వస్తారు. రిజిస్టరమ్మ కుర్చీ వెనక నిలబడి, తెర చూసి, ఒక గీత గీస్తారు. ఆమె తన నాలుగో నోటుబుక్కు ఆయన ముందుకు జరుపుతుంది.

"చూసినట్టు ఇక్కడ సంతకం పెట్టండి సార్."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితం వైపు చూడకుండానే వంగుతారు.

"చదివి పెట్టండి," అంటుంది రిజిస్టరమ్మ.